ఫోన్‌లో తెల్ల గొంతు

"ముందు ఒక్కటి చెప్పు. ఆవిడ బతికుందా, లేదా?" అని అడిగాడు లాయర్ థాడియస్ విన్.

"తెలీదు లాయర్ గారూ."

"తెలీదు అని చెప్పడానికి షెరీఫ్ ఆఫీసు నిండా మనుషులున్నారు. వాళ్ల పని నువ్వు చెయ్యక్కర్లేదు."

విన్‌కి భయం వేస్తే అది కోపంగానే బయటికొస్తుందని ఎజ్రా మోబ్లీకి తెలుసు. ఎజ్రా యుద్ధంలో మిలిటరీ పోలీసుగా పనిచేసి వచ్చినవాడు. తిరిగొచ్చి సొంతగడ్డ మీద డిటెక్టివ్ లైసెన్సు అడిగితే అక్కడి గుమాస్తా పడీపడీ నవ్వి, నల్లవాళ్ల కోసం అలాంటి కాగితం ఇంకా అచ్చు వెయ్యలేదన్నాడు. అందుకని పేరుకి లాయర్ గారి డ్రైవరు. చేసేది మాత్రం అపరాధ పరిశోధన.

బల్ల మీద కేసు కట్ట ఉంది. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి అని విడదీయడమే రాజ్యాంగ విరుద్ధమంటూ విన్ వేసిన దావా. మొదట్లో ఎలంకో కౌంటీలో ఇరవైమంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఒకణ్ణి కౌలుభూమి నుంచి గెంటేశారు. ఒకావిడకి వంటమనిషి పని పోయింది. ఇంకొకాయన ఇంటికి నిప్పంటుకుంది, మంటలార్పే బండేమో ఆ రోజే దారి తప్పింది. ఒక్కొక్కరే వచ్చి, విన్ కళ్లలోకి చూడకుండా, పేరు కొట్టేయమని వెళ్లిపోయారు. చివరికి మిగిలింది లవీనియా గాంట్ ఒక్కతే. భర్త లేడు. పదేళ్ల కూతురు పెర్లీన్ ఉంది. సొంత నేల కాబట్టి గెంటేసేవాడు లేడు. ఎవరు బెదిరించినా, "సోమవారం కోర్టులో కనబడతానులే," అనేది.

ఇవాళ శనివారం. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె కనబడటం లేదు. పొద్దున్నే ఆమె ట్రక్కు టర్కీ వాగు వంతెన పక్కన దొరికింది.

"ముగ్గురు జడ్జిల్ని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టడానికి నా సగం జీవితం అయిపోయింది," అన్నాడు విన్. "వాది ఏదయ్యా అని వాళ్లడిగితే నేనేం చూపించను? ఖాళీ ట్రక్కు చూపించనా?"

"వాయిదా అడగండి."

"రాస్తున్నాను. ఇవ్వరు. మన కేసులో మన వాదే మాయమైతే వాళ్లకి పండగ. నువ్వు వెళ్లు. సాయంత్రంలోగా ఆవిణ్ణి తీసుకురా, లేకపోతే శవాన్నైనా చూపించు. కనీసం హత్య కేసైనా ఉంటుంది."

అనేశాక విన్ తన మాటకి తనే సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. ఎజ్రా టోపీ తీసుకుని మెట్లు దిగాడు.

లవీనియాకి ఫోన్ లేదు. ఎవరైనా చేస్తే పక్కింట్లో, కోరాలీ స్టోక్స్ దగ్గరికి చేస్తారు. నల్లవాళ్ల శవాలకి స్నానం చేయించి, ముస్తాబు చేసి, పెట్టెలో సర్ది సాగనంపడం కోరాలీ వ్యాపారం. చావు కబురుకి వేళాపాళా ఉండదు కాబట్టి ఫోన్ లేకుండా ఆమెకి గడవదు.

"రారా ఎజ్రా. కాఫీ తాగి అడుగుతావా, అడిగి తాగుతావా?" అందామె.

"అడిగే తాగుతాను మిస్ కోరాలీ. నిన్న ఫోన్ ఎత్తింది మీరేనా?"

"నా ఇంట్లో ఇంకెవడెత్తుతాడు, పెట్టెలో పడుకున్నవాడా?"

"ఎన్నింటికి?"

"రెండు కొట్టింది అప్పుడే. ముసలాయనకి చివరి చొక్కా తొడుగుతున్నాను. ఒక చెయ్యి దూరింది, రెండోది దూరలేదు. ఆ సమయంలో మోగింది."

"మాట్లాడిందెవరు?"

"తెల్లవాడు. కౌంటీ ఆసుపత్రి ఆఫీసు నుంచట."

"తెల్లవాడని ఎలా తెలుసు?"

"నాకు చెవుల్లేవా? ముక్కుతో సాగదీస్తూ, నోట్లో పీచ్ పండు గింజ పెట్టుకున్నట్టు మాట్లాడాడు. ఆ గొంతు వింటే చాలు, తప్పు చెయ్యకపోయినా క్షమించమనాలనిపిస్తుంది."

"ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క మాట కూడా మీరు సర్దొద్దు."

కోరాలీకి కొంచెం పౌరుషం వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు మార్చి అప్పజెప్పింది. "'ఇది కౌంటీ ఆసుపత్రి ఆఫీసు. మిసెస్ గాంట్‌ని ఒకసారి ఫోన్ దగ్గరికి పిలవండి. ఆవిడ అమ్మాయి బడిలో పడి కాలు విరగ్గొట్టుకుంది.' ఇంతే. నేను పరిగెత్తి పిలుచుకొచ్చాను. అది ఫోన్ పట్టుకుని 'అలాగేనండి, వస్తున్నానండి' అంది. అటునుంచి అటే ట్రక్కెక్కింది."

"వెళ్లేటప్పుడు టోపీ పెట్టుకుందా?"

"బోడితలతో తెల్లవాళ్ల ఆఫీసుకి వెళ్తుందా? పరిగెడుతూనే టోపీ పెట్టి, అది జారకుండా జుట్టులోకి పిన్ను గుచ్చుకుంది."

"పెర్లీన్ సంగతేంటి?"

"కాలూ విరగలేదు, వేలూ విరగలేదు. బడి వదిలాక పద్యం అప్పజెప్పమని కూర్చోబెట్టారట, పొద్దువాలాక నడుచుకుంటూ వచ్చింది. లోపల పడుకుంది." కోరాలీ గొంతు తగ్గింది. "ఇన్నేళ్లుగా ఎంతమందిని ఓదార్చానో లెక్కలేదు. ఆ మాటలన్నీ నాకు నోటికొచ్చు. ఆ పిల్ల ముందు మాత్రం ఒక్కటీ రావడం లేదురా."

ఎజ్రా కాఫీ తాగకుండానే లేచాడు.

టర్కీ వాగు దగ్గర డిప్యూటీ షెరీఫ్ క్లీట్ హార్బిన్ ట్రక్కు మెట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లీలు తింటున్నాడు. ఇద్దరు మనుషులు వాగులో కొక్కేలు వేసి, అందులో ఏమీ లేదని ముందే తెలిసినంత తీరిగ్గా లాగుతున్నారు. ఎజ్రాకి ముప్పై నాలుగేళ్లు. హార్బిన్ అతన్ని పేరు పెట్టి పిలిచిన రోజు ఒక్కటీ లేదు.

"ఏంటి అబ్బాయ్? మీ లాయరు చేపలు పట్టుకురమ్మన్నాడా?"

"ట్రక్కు చూసి రమ్మన్నారు మిస్టర్ హార్బిన్."

"చూసుకో. చెయ్యి వేశావంటే విరుగుతుంది."

ఎజ్రా చేతులు వెనక్కి కట్టుకుని ట్రక్కు చుట్టూ తిరిగాడు. లవీనియా పొట్టి మనిషి. సీటు బాగా ముందుకి లాక్కుని, కింద దిండు వేసుకుంటే గానీ ఆమెకి దారి కనబడదు. ఇప్పుడు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. దిండు వెనకాల తొట్టెలో పడేసి ఉంది. ఈ ట్రక్కుని వాగు దాకా తోలిందెవడో గానీ, కాళ్లు పొడుగు.

వాగు ఒడ్డున పొద మీద ఆమె టోపీ ఉంది. ఎజ్రా వంగి చూశాడు. పిన్ను టోపీకే, అంచు వెంబడి నీటుగా గుచ్చి ఉంది. దూకితేనో, లాగేస్తేనో పిన్ను ఊడిపోతుంది, టోపీ చిరుగుతుంది. పిన్ను తీసి, టోపీ దించి, మళ్లీ పిన్ను టోపీకే గుచ్చి పక్కన పెట్టేది ఆడవాళ్లు, అదీ తెలిసినవాళ్ల ఇంట్లో నెమ్మదిగా కూర్చున్నప్పుడు. ఆసుపత్రికని బయల్దేరిన మనిషి దారిలో ఎవరింట్లోనో కూర్చుంది. నమ్మి కూర్చుంది.

"చూడటం అయిందా?" అన్నాడు హార్బిన్. "కోర్టంటే భయమేసి దూకేసింది. లేదా మీ లాయరే కేసు ఓడిపోతానని తెలిసి ఎక్కడో దాచాడు. నాకు రెండూ నచ్చాయి. సోమవారం దాకా వెతుకుతాం."

"సోమవారం తర్వాత వెతకరా?"

"అప్పటికి ఎండ ముదురుతుంది."

వాగులో వాళ్లు నవ్వారు. ఎజ్రా పళ్లు బిగబట్టాడు. "మిసెస్ గాంట్ భయపడే మనిషి కాదు," అన్నాడు.

"ఎవరు?"

"మిసెస్ గాంట్."

హార్బిన్ పల్లీ తొక్క ఊశాడు. "ఆ పేరుతో మిసెస్ ఎవరూ ఈ కౌంటీలో లేరబ్బాయ్. లవీనియా అని ఒకతి ఉంది. మా అమ్మ నాకు మాటలు నేర్పినప్పుడు నీ రంగు ఆడదానికి ఆ మాట వాడమని నేర్పలేదు. ఇక్కడ ఏ తెల్లతల్లీ నేర్పి ఉండదు. తాగి పడిపోయినా నా నోట్లోంచి రాదది."

ఎజ్రా ఏదో గట్టిగా అనబోయి ఆగిపోయాడు.

కోరాలీ అప్పజెప్పిన మాటలు చెవిలో మళ్లీ వినబడ్డాయి. మిసెస్ గాంట్‌ని పిలవండి. ఆవిడ అమ్మాయి. తెల్లవాళ్ల ఆఫీసు గుమాస్తా ఎవడైనా లవీనియాని లవీనియా అంటాడు, వయసు మళ్లితే అవ్వా అంటాడు. పుట్టింది మొదలు చచ్చేదాకా అంతే. పొరపాటున కూడా నోరు జారదు, ఎందుకంటే ఆ మాట ఆ నోట్లో పుట్టనే లేదు. ఫోన్ చేసినవాడు తెల్లవాడు కాదు. తెల్ల గొంతు పెట్టుకున్న నల్లవాడు. యాస అచ్చంగా దించేశాడు, గుమాస్తా పొగరు కూడా దించేశాడు. ఒక ఆడమనిషిని మిసెస్ అనకుండా వట్టి పేరు పెట్టి పిలవడం మాత్రం చేతకాలేదు.

అంత మర్యాదస్తుడు, అన్ని గొంతులు పలికించగలవాడు ఎజ్రాకి ఒక్కడే తెలుసు.

"ఏం, దెయ్యాన్ని చూశావా?" అన్నాడు హార్బిన్.

"మీరు నాకు పెద్ద సాయం చేశారు మిస్టర్ హార్బిన్. చాలా థాంక్స్."

ఆ మాటతో హార్బిన్ ముఖంలో నవ్వు పోయింది. ఎజ్రాకి అది చూసి చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎంత ఖరీదు పడబోతుందో అప్పటికి తెలియదు.

ఆసుపత్రికి వెళ్లే దారిలో, నాలుగు రోడ్ల కూడలి దగ్గర, ప్రొఫెసర్ యూలిసిస్ డార్గన్ ఇల్లు. నల్లపిల్లల బడికి ఆయన హెడ్‌మాస్టరు. తెల్లవాళ్లు కూడా ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలుస్తారు. అది గౌరవం కాదు, మిస్టర్ అనకుండా తప్పించుకునే ఉపాయం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే తన బడిలో ఒక నియమం పెట్టాడు. బట్టలుతికే ఆమె గుమ్మంలోకి వచ్చినా పిల్లలు లేచి నిలబడి 'మిసెస్' అనాలి. బయట మనకి ఎవరూ ఇవ్వరు, లోపల మనమే ఇచ్చుకోవాలి అనేవాడు. అక్కడ చదువుకునే రోజుల్లో ఎజ్రా ఒకసారి మరిచిపోతే అరచేతి మీద బెత్తంతో కొట్టాడు. కొట్టాక తనే ఏడ్చాడు.

తలుపు ఆయనే తీశాడు. బో టై, ఇస్త్రీ చొక్కా. కళ్ల కింద మాత్రం నల్లగా ఉంది.

"ఎజ్రా! రా బాబూ. మిసెస్ గాంట్ గురించి ఏమైనా తెలిసిందా?"

"తెలిసింది సార్. తెల్లవాడి గొంతు అచ్చు గుద్దినట్టు దించారు. చిన్నప్పుడు బడి నాటకంలో తెల్లరాజు వేషం వేసి, అదే యాసతో మమ్మల్ని ఎంత నవ్వించేవారో గుర్తొచ్చింది."

ప్రొఫెసర్ కదల్లేదు. "నువ్వేమంటున్నావో నాకర్థం కావడం లేదు."

"ఒక్క మాట దగ్గర దొరికిపోయారు. మిసెస్ గాంట్ అన్నారు."

"అందులో తప్పేముంది?" అన్నాడాయన, అలవాటుకొద్దీ, మేష్టారి గొంతుతో.

"తప్పు లేదు సార్. అదే తప్పు."

ప్రొఫెసర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి కుర్చీలో చిన్నగా అయిపోయాడు.

"పెర్లీన్‌ని పద్యం పేరుతో బడిలో ఆపించారు, పిల్ల ఇంటికొస్తే మీ అబద్ధం బయటపడుతుందని," అన్నాడు ఎజ్రా. "ఈ గేటు దగ్గర నిలబడి ట్రక్కు ఆపారు. ఏం చెప్పి లోపలికి తీసుకొచ్చారు?"

"పిల్ల ఇక్కడే ఉంది, డాక్టరు వస్తున్నాడు అన్నాను."

"ఆవిడ టోపీ తీసి కూర్చుంది."

"తీసి కూర్చుంది," అన్నాడు ప్రొఫెసర్. "మంచినీళ్లు అడిగింది. నేను తెచ్చేలోపల వాళ్లు వెనక తలుపులోంచి వచ్చారు. హార్బిన్, ఇద్దరు డాక్టర్లు. ఆవిడ అరవలేదు ఎజ్రా. 'ప్రొఫెసర్ గారూ, పెర్లీన్ ఏది?' అని అడిగింది. కారెక్కించేదాకా అదొక్కటే అడిగింది."

"చంపేశారా?"

"లేదు! రాష్ట్ర రాజధానిలోని పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారు. మతి చలించిందని డాక్టర్లిద్దరూ రాసిచ్చారు. తెలిసిన పెద్దమనిషి ఒకరు ప్రమాణం చేసి సంతకం పెట్టాలన్నారు. నేను పెట్టాను. పిచ్చిది దావా వెయ్యడానికి చట్టం ఒప్పుకోదట. ఆవిడ టోపీ పట్టుకుని ట్రక్కు హార్బినే తోలుకెళ్లాడు, వాగు దగ్గర వదిలాడని నాకు ఇవాళే తెలిసింది."

ఎజ్రాకి అంతా అర్థమైంది. సోమవారం దాకా విన్ ఆవిడ శవం కోసం వెతుకుతూ ఉండాలి. సోమవారం కోర్టులో వాళ్లు నింపాదిగా లేచి, వాది పిచ్చాసుపత్రిలో ఉంది మహాప్రభో, ఈ కేసుకి తలా తోకా లేదు అంటారు. చంపడం కన్నా ఇదే వాళ్లకి తేలిక. చచ్చినామె మీద జాలిపడేవాళ్లుంటారు. పిచ్చిదాని మాట వినేవాడెవడు?

"ఎందుకు సార్?" అన్నాడు. కొట్టడానికి వచ్చినవాడి గొంతు కాదది. బెత్తం దెబ్బ తిన్న పిల్లాడి గొంతు.

"విన్ గెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?" ప్రొఫెసర్ తలెత్తాడు. "మన పిల్లల్ని వాళ్ల బడిలో చేర్చుకుంటారు. మన బడికి తాళం వేస్తారు. నా టీచర్లని వాళ్లు తీసుకుంటారనుకున్నావా? ఒక్కరిని కూడా తీసుకోరు. ఆ బడి కట్టడానికి నేను తలుపుతలుపూ తట్టి అడుక్కున్నాను. ఈ కౌంటీలో మన పిల్లల్ని మనుషుల్లా చూసే చోటు అదొక్కటే. స్కూలు బోర్డు వాళ్లు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. 'ప్రొఫెసర్, బడి కావాలా, లవీనియా కావాలా?' అన్నారు."

"మీరు బడి అన్నారు."

"నేను బడి అన్నాను."

"ఇప్పుడా బడిలో పెర్లీన్‌కి ఏం పాఠం చెబుతారు సార్?"

ప్రొఫెసర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఎజ్రాకి జాలి కలిగింది, ఆ జాలి కలిగినందుకు ఒళ్లు మండింది.

"ఇంకోటుంది," అన్నాడాయన చేతుల వెనకనుంచి. "రెండో సంతకం."

"దేని మీద?"

"ఆవిడకి మతి లేదని తెలిసీ విన్ ఆవిడ చేత సంతకం పెట్టించి కేసు వేశాడని. దానికి జైలు, లైసెన్సు రద్దు. సోమవారం దాకా బయటపెట్టం అన్నారు. ఎవరికైనా అనుమానం వస్తే మాత్రం వెంటనే..."

ఎజ్రాకి వాగు దగ్గర హార్బిన్‌కి చెప్పిన థాంక్స్ గుర్తొచ్చింది. గోడకున్న ఫోన్ దగ్గరికి ఒక్క అంగలో వెళ్లి, ఆపరేటర్‌కి విన్ ఆఫీసు నంబరు చెప్పాడు.

రెండుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. పల్లీ నములుతున్న చప్పుడు వినబడింది.

"నువ్వే అనుకున్నాను అబ్బాయ్," అన్నాడు హార్బిన్. "సాయం చేశానన్నావు కదా. దారి పొడుగునా ఆలోచించాను, ఏం సాయం చేశానా అని. తెలీలేదు. తెలీని సాయాలు నాకు నచ్చవు. అందుకని త్వరపడ్డాను."

"లాయర్ గారేరి?"

"ఇక్కడే ఉన్నాడు. చేతులు ఖాళీ లేవు, ఫోన్ పట్టుకోలేడు. నువ్వెక్కడ్నుంచి?"

ఇద్దరి మధ్యనుంచి, తీగ మీద, ఆపరేటర్ అమ్మాయి గొంతు తియ్యగా వినబడింది.

"డార్గన్ ఇంటి నుంచి, క్లీట్. కూడలి దగ్గర."

అటుపక్క నమలడం ఆగింది. ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

ఎజ్రా రిసీవరు తగిలించి వెనక్కి తిరిగాడు. ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు.

"విన్‌ని పట్టుకున్నారు. ఇప్పుడు ఇక్కడికి వస్తున్నారు," అన్నాడు ఎజ్రా.

"రానీ. నేను మాట్లాడతాను. నన్నేమీ చెయ్యరు ఎజ్రా. నేను వాళ్లు చెప్పినట్టే చేశానుగా."

"నిన్నటిదాకా మీరు వాళ్ల మనిషి. నేను ఈ గడపలో కాలు పెట్టాక మీరు సాక్షి. ఆవిడకి పిచ్చి లేదని, విన్ తప్పు చెయ్యలేదని జడ్జిల ముందు చెప్పగలిగినవాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు ఆ డాక్టర్లు. మూడోవాడు మీరు. వాళ్లు ఎవరితో మొదలుపెడతారో మీరే చెప్పండి."

ప్రొఫెసర్ రంగు మారిపోయింది. లెక్క చెయ్యడం ఆయనకి కొత్త కాదు.

"నాకు భయమేస్తోంది," అన్నాడు.

"వెయ్యాలి."

"నన్నెందుకు కాపాడతావు? నేను చేసింది తెలిశాక కూడా."

"మీ మీద ప్రేమతో కాదు," అన్నాడు ఎజ్రా. కోటు లోపలనుంచి మిలిటరీ పిస్తోలు తీసి తూటాలు చూసుకున్నాడు. "మీ గొంతు పిసకాలని ఉంది. కానీ సోమవారం కోర్టులో ఆ గొంతే మాట్లాడాలి."

కూడలి వైపునుంచి కారు చప్పుడు వినబడింది. వెనకాలే ఇంకొకటి. విన్ ఆఫీసు నుంచి ఇంత త్వరగా రాలేరు. అంటే వీళ్లు ముందునుంచే దగ్గర్లో కాపు కాస్తున్నారు, ప్రొఫెసర్ కోసమే.

పిచ్చాసుపత్రిలో లవీనియా, సంకెళ్లలో విన్, పందొమ్మిదిమంది వదిలేసుకున్న ఆశ, అన్నీ ఇప్పుడు ఈ పిరికివాడి ప్రాణం మీద వేలాడుతున్నాయి. తను చావడానికి సిద్ధపడాల్సింది ఈ మనిషి కోసమా అని ఎజ్రాకి ఏడుపొచ్చింది.

బయట కారు తలుపులు తెరుచుకున్నాయి.

"కిటికీకి దూరంగా, నేల మీద కూర్చోండి సార్," అని ఎజ్రా ఆయనకీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు.